కాయిల్‌కి కవర్ ఉంచాలా, తీసెయ్యాలా? (కృష్ణ ఇసుక, రేగడి చేలు, సూర్యలంక)

విద్యాధరపురం_28 (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాది మల్టీ ఫ్రీక్వెన్సీ మెటల్ డిటెక్టర్ మెషీన్, 11 అంగుళాల డీడీ కాయిల్ (నేల మీద తిప్పే పళ్లెం లాంటి భాగం), దాని అడుగున తొడగడానికి దాంతో పాటే వచ్చిన ప్లాస్టిక్ కవర్. వాడకమంతా పోయిన నగలు వెతకడానికే: చేలో జారిన ఉంగరం, మెట్టె, దుద్దు శీల, అలాంటివి. నేలలు మూడు రకాలు. గుంటూరు వైపు నల్లరేగడి, బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుక, అప్పుడప్పుడు సూర్యలంక బీచ్.

ఇబ్బంది ఏంటంటే, కవర్ ఉంటే ఇసుకలో గంట తిరగ్గానే కాయిల్ కిచకిచమంటోంది. కొస నేలకి తగిలితే చాలు, ఏమీ లేనిచోట కూడా మోతే. కవర్ ఊడదీస్తే నోరు మూస్తుంది. కానీ కవర్ లేకుండా కోసిన వరి మడిలో తిప్పితే కాయిల్ అడుగంతా గీతలు.

అడిగేవి మూడు. కవర్ వల్ల లోతు తగ్గుతుందా? అంచుని సిలికాన్‌తో మూసేస్తే మంచిదేనా? కవర్ పగిలితే ఇక్కడే చేయించుకోవచ్చా, కంపెనీదే తెప్పించాలా?

నల్లరేగడి

తప్పు కవర్‌ది కాదండీ, కవర్‌కీ కాయిల్‌కీ మధ్య చేరిన ఇసుకది. ఏబీఎస్ ప్లాస్టిక్ అయస్కాంత క్షేత్రానికి అడ్డు రాదు. ఇసుక అలా కాదు, అందులోనూ కృష్ణ ఇసుక. ఆ నది పైన మహారాష్ట్ర, కర్ణాటకల్లో బసాల్ట్ నల్లరాతి మీదుగా వస్తుంది, ఆ రాతిలోని మాగ్నటైట్ రేణువులు ఇసుకతో పాటు దిగువకి కొట్టుకొస్తాయి. చూడాలంటే పాత స్పీకర్ అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి ఎండిన ఇసుకలో నాలుగుసార్లు తిప్పండి. నల్లటి మీసాల్లా అంటుకునేదే మీ మోతకి కారణం.

డీడీ కాయిల్‌లో పంపే చుట్ట, అందుకునే చుట్ట నడిమధ్యన ఒకదాని మీద ఒకటి పడేట్టు అమరుస్తారు. ఒకటి పంపేది రెండోదానికి దాదాపు సున్నాగా అందేట్టు సరిచూసి ఎపాక్సీ పోసేస్తారు. ఆ సున్నా చాలా సున్నితం. చుట్టలకి రెండు మూడు మి.మీ. దూరంలో చెంచాడు నల్ల ఇసుక కదిలితే, అది అడుగు లోతులో ఉన్న ఉంగరం కంటే గట్టిగా కనబడుతుంది.

గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాలకి మోగకుండా మెషీన్‌ని సరిచేయడం) చేశాక కూడా ఎందుకు మోగుతుందంటే, బ్యాలెన్స్ అనేది కాయిల్ కింద నేలకి చేసేది. ఇరుక్కున్న ఇసుక నేల కాదు, కాయిల్‌తో పాటే ఊగుతుంది. ఎడమకి తిప్పితే ఎడమ అంచుకి జారుతుంది, కుడికి తిప్పితే కుడికి. కొస నేలకి కొట్టుకుంటే గంతేస్తుంది. మెషీన్ వెతికేదే కదలికని కాబట్టి దాన్ని లోహమనుకుంటుంది.

ఖాయం చేసుకోవడానికి ఒక పరీక్ష. ఇంట్లోనో అపార్ట్‌మెంట్ మేడ మీదో చేయకండి, స్లాబులో ఇనుప ఊచలుంటాయి. కరెంటు లైన్లకి దూరంగా ఖాళీ చోటికి వెళ్లి, ఉంగరం, వాచీ తీసేసి, కాయిల్‌ని నేలకి మీటరు ఎత్తున పట్టుకోండి. సెన్సిటివిటీ మీరు రోజూ వాడేదే ఉంచండి. వేలి కణుపుతో కాయిల్ అంచు మీద నాలుగు వైపులా తట్టండి. మోగితే కవర్ తీసి, రెండూ తుడిచి, మళ్లీ తట్టండి. ఇప్పుడు మోగకపోతే దోషం ఇసుకదే. అప్పటికీ మోగితే కేబుల్ చూడండి. కాయిల్ దగ్గర కొద్దిగా వదులుంచి, ఆపైన కడ్డీకి బిగుతుగా చుట్టి, కంట్రోల్ బాక్సు దాకా వెల్క్రోతో కట్టాలి. ఊగే కేబుల్ అచ్చం ఇలాగే మోగిస్తుంది. కనెక్టర్‌లో తడి, కాయిల్ చెవి (కడ్డీకి బిగించే చోటు) దగ్గర చీలిక, ఆ తర్వాతి అనుమానాలు.

శుభ్రం చేయడం: కేబుల్ ఉన్న వైపుకి ఎదురుగా, కొస దగ్గర బొటనవేళ్లతో అంచుని కిందికి నొక్కుతూ ఊడదీయాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితే కవర్ పెదవి చీలుతుంది, కాయిల్ మీద గాటు పడుతుంది. లోపలి మూలల్ని పాత పెయింటు బ్రష్‌తో దులిపి, తడిగుడ్డతో తుడిచి, నీడన పూర్తిగా ఆరనిచ్చి మళ్లీ వెయ్యండి. పొడి ఇసుకలో గంటకోసారి చెయ్యాలి. ఎండిన రేగడిలో సాయంత్రం ఒక్కసారి చాలు. వేశాక గ్రౌండ్ బ్యాలెన్స్ మళ్లీ చేసుకోండి.

దులపకపోతే మోత ఒక్కటే కాదు. ఇరుక్కున్న ఇసుక ఉప్పుకాగితంలా కాయిల్‌ని లోపల్నుంచి అరగదీస్తుంది. పైకి కవర్ కొత్తగానే ఉంటుంది.

ఇక లోతు. 2 మి.మీ. మందం కవర్ వేస్తే పోయేది ఆ 2 మి.మీ. మాత్రమే. 25 సెం.మీ. లోతులో ఉన్న ఉంగరానికి అదొక లెక్క కాదు. కవర్ లేనివాళ్లు గీతలకి భయపడి కాయిల్‌ని నేలకి మూడు నాలుగు సెం.మీ. పైన తిప్పుతారు, పోయే లోతు అక్కడ పోతుంది. కవర్ ఉంటే నేలని రాసుకుంటూ తిప్పొచ్చు. ముక్కుపుడక, శీల లాంటి చిన్న బంగారానికి ఇది మరీ ముఖ్యం, వాటి సిగ్నల్ దొరికేదే బెత్తెడు లోపల. ఇంకొకటి, కవర్ మోగుతోందని సెన్సిటివిటీ నాలుగు మెట్లు దించేసి "కవర్ వల్ల లోతు పోయింది" అనేవాళ్లున్నారు. అది కవర్ చేసిన పని కాదు.

బాపట్ల_తీరం

పై సమాధానం చేలకి, ఏటి ఇసుకకి ఒప్పుకుంటా. సముద్రం దగ్గర మాత్రం కవర్ తీసి పక్కన పెట్టండి బ్రదర్.

తడి ఇసుకలో రెండు సమస్యలు కలిసొస్తాయి. ఉప్పునీరు కరెంటుని పోనిస్తుంది, అంటే కవర్ లోపల పట్టిన ఉప్పునీటి పొరే మెషీన్‌కి ఒక వస్తువులా కనబడుద్ది. దానికి తోడు అల వెనక్కి పోయినప్పుడు ఒడ్డున నల్లటి చారలు మిగులుతాయి చూడండి, అది ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువు ఖనిజాలు. అల వచ్చిన ప్రతిసారీ ఆ రెండూ కవర్ అంచులోంచి లోపలికి పోతాయి. మల్టీ ఫ్రీక్వెన్సీ మెషీన్ బీచ్ మోడ్‌లో ఉప్పుని తీసేసి చూస్తుంది నిజమే, కానీ కాయిల్‌కి అంటుకుని అటూ ఇటూ జారే నీటిని ఏ మోడూ పూర్తిగా తీయలేదు.

నీళ్లలో దింపితే ఇంకో తంటా. కవర్ కింద గాలి చిక్కుకుని కాయిల్ తేలుతుంది. పక్కకి వంచి బుడగలు పోయేదాకా ముంచాలి. ఆ గాలి పోయినచోటికి నీళ్లతో పాటు ఇసుకే వస్తుంది మళ్లీ.

సూర్యలంక ఇసుక మెత్తన. కాయిల్‌ని అంత గీరే రాయి, గ్రావెల్ అక్కడ లేవు. మరీ భయమైతే కాయిల్ అడుగున వెడల్పు పీవీసీ టేపు నేరుగా అంటించండి. నాలుగు అంగుళాల టేపు మూడు పట్టీలు, ఒకదాని మీద ఒకటి అర సెం.మీ. ఎక్కేట్టు, కొస నుంచి మడమ (వెనక అంచు) వైపుకి. బుడగ ఉంటే సూదితో పొడిచి నొక్కెయ్యండి. ఖాళీయే లేకపోతే ఇసుక ఎక్కడికి పోద్ది? అరిగాక పీకి కొత్తది వేసుకోవడమే. ఏసీ డక్టులకి వేసే వెండి రంగు అల్యూమినియం టేపు మాత్రం పొరపాటున కూడా వద్దు, అది లోహం.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడగాలి, కవర్ వేసుకెళ్లినా, వేసుకోకపోయినా. ఎండిన ఉప్పు గాల్లో తేమని లాగి మళ్లీ చెమరుస్తుంది.

విద్యాధరపురం_28

థాంక్సండీ ఇద్దరికీ. అయితే చేలకి కవర్, బీచ్‌కి టేపు. మరి ప్రతిసారీ తీసి వేసే బాధ లేకుండా చేలలో కవర్‌ని సిలికాన్‌తో పూర్తిగా సీల్ చేసేస్తే?

ఆటోనగర్_ఫైబర్

చెయ్యొచ్చు సర్. కాకపోతే సగం చేస్తే చెయ్యనిదానికంటే అన్యాయం. ఎక్కడైనా సూది మొనంత సందు మిగిలితే నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు. అప్పుడు సిలికాన్ కోసి పీకాల్సిందే.

పద్ధతి ఇది. కాయిల్, కవర్ రెండూ సబ్బునీళ్లతో కడిగి ఒక రాత్రి ఫ్యాను కింద ఆరబెట్టాలి. సిలికాన్ కొనేటప్పుడు న్యూట్రల్ రకం అడగండి, పిండితే వెనిగర్ వాసన కొట్టేది వద్దు. కవర్ నొక్కి బిగించాక పై అంచు చుట్టూ 4 మి.మీ. లావు గీత, ఎక్కడా తెగకుండా. తడి వేలితో ఒకసారి నునుపు చెయ్యండి. 24 గంటలు కదపొద్దు. వర్షాకాలంలో కాకుండా పొడి రోజుల్లో చేస్తే లోపల తేమ చిక్కుకోదు. కవర్ లోపల మాత్రం సిలికాన్ పూయకండి, తర్వాత ఊడదీయడం నరకం.

మధ్యలో ఖాళీలున్న కాయిల్ అయితే కవర్‌కి లోపలి అంచులు కూడా ఉంటాయి. బయటి చుట్టు సీల్ చేసి వాటిని వదిలేస్తే చేసిన పనంతా దండగ.

సిలికాన్ బదులు నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టేవాళ్లున్నారు. చలికాలంలో బాగానే ఉంటుంది. మే నెలలో మన ఎండకి జిగురు కరిగి టేపు జారుద్ది, ఆ జిగురుకే ఇసుక అంటుద్ది. ఆ జిగురు వదిలించడానికి పెట్రోలు, థిన్నర్, అసిటోన్ వాడారో, ఏబీఎస్ మెత్తబడి పగుళ్లిస్తుంది. గోరువెచ్చని సబ్బునీళ్లు, ఓపిక, అంతే.

ఇక చేయించుకోవడం గురించి. మూడు దారులున్నాయి.

అన్నిటికంటే తేలిక, బోర్డులు చేసే షాపుల్లో దొరికే పాలీకార్బొనేట్ షీటు, ఒకటిన్నర నుంచి 2 మి.మీ. కాయిల్ ఆకారం కాగితం మీద గీసిస్తే కోసిస్తారు. అంచు మడత ఉండదు కాబట్టి టేపుతోనే పట్టాలి. యాక్రిలిక్ కూడా అక్కడే దొరుకుద్ది, చూపుకి ఒకేలా ఉంటుంది, తీసుకోకండి, రాయి తగిలితే ముక్కలే.

రెండోది త్రీడీ ప్రింట్. పీఎల్ఏ రకం ప్లాస్టిక్‌తో వద్దు. అది 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి మామూలే, సాయంత్రానికి కవర్ అప్పడంలా వంకర తిరుగుద్ది. పీఈటీజీ గానీ ఏబీఎస్ గానీ అడగండి. వెండి రంగు మెరుపు ఫిలమెంట్‌లో (ప్రింటర్‌కి పెట్టే ప్లాస్టిక్ తీగ) కొన్నిట్లో లోహపు పొడి కలుస్తుంది, కార్బన్ ఫైబర్ రకంలో కార్బన్ ఉంటుంది, రెండూ పనికిరావు.

మూడోది ఫైబర్. బస్సు బాడీలకి ఫైబర్ పనిచేసే ఎవరైనా చేస్తారు గానీ, కాయిల్‌నే అచ్చుగా పెట్టనివ్వకండి. పాలియెస్టర్ రెసిన్‌లో స్టైరీన్ ఉంటుంది, అది ఏబీఎస్‌ని కరిగిస్తుంది, పైగా గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కని కాయిల్ ఆకారంలో, చుట్టూ అర మి.మీ. పెద్దదిగా కోయించి, అంచు గుండ్రంగా రుద్ది, మైనం మూడు పూతలు పట్టించి దాని మీద వేయించాలి. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల) గాజుపీచు మ్యాట్ రెండు పొరలు చాలు, ఒకటిన్నర మి.మీ. దగ్గరకి వస్తుంది. "గట్టిగా ఉంటది" అని మేస్త్రీ నాలుగు పొరలు వేస్తానంటాడు, వద్దనండి. కడ్డీ చివర 100 గ్రాములు పెరిగితే రెండు గంటల తర్వాత ముంజేతికి తెలుస్తుంది. రంగు పిగ్మెంట్ కూడా అక్కర్లేదు. తీసిన కవర్‌ని రెండు మూడు రోజులు ఎండలో పెట్టి, రెసిన్ వాసన పూర్తిగా పోయాకే కాయిల్‌కి తొడగండి.

తొడిగాక లోపల మోత లేకుండా బిగుతుగా కూర్చోవాలి. గలగల ఉంటే లోపలి అంచుకి పల్చటి ఫోమ్ పట్టీ. నీళ్లలో దిగేవాళ్లు మడమ దగ్గర 5 మి.మీ. చిల్లులు రెండు పెట్టుకుంటే గాలి, నీళ్లు రెండూ పోతాయి.

నల్లరేగడి

చిల్లుల మాట ఒక్కటే ఒప్పుకోనండీ. నీళ్లు పోయే చిల్లులోంచి సన్న ఇసుక రాదా? నీళ్లు కారిపోయాక ఇసుక లోపలే మిగులుతుంది. చిల్లు పెడితే రోజుకి పదిసార్లు నీళ్లలో ఆడించి కడుక్కోవాలి, ఏట్లో నిలబడి వెతికేవాళ్లకి అది సులువే. గట్టు మీద, చేలో తిరిగేవాళ్లకి చిల్లు అక్కర్లేదు.

రేగడి గురించి ముందు చెప్పడం మర్చిపోయా. తడి రేగడి కవర్ లోపలికి పెద్దగా పోదు, అడుగున దళసరిగా అంటుకుంటుంది. సెంటీమీటరు మట్టి పేరుకుంటే కాయిల్ సెంటీమీటరు పైకి లేచినట్టే. పైగా తడిమట్టి ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పట్టి గ్రౌండ్ బ్యాలెన్స్‌ని మాటిమాటికీ తప్పిస్తుంది. చెక్క ముక్కతో గీకండి, తాపీతో వద్దు. వీలైతే వాన పడ్డాక పైపొర ఆరేదాకా ఆగండి, ఆ జిగురులో కవర్ ఉన్నా లేకపోయినా ఒకటే. వేసవిలో నెర్రెలిచ్చిన రేగడిలో వేరే సంగతి, ఉంగరం నెర్రెలోకి జారితే అది కాయిల్ అందే లోతు దాటిపోవచ్చు. నెర్రె వెంబడి నిలువుగా కాకుండా అడ్డంగా తిప్పండి, రెండు గోడల తేడా వల్ల వచ్చే ఉత్త మోత ఏదో, అసలుది ఏదో తెలుస్తుంది.

కోసిన వరి మోళ్లలో, పత్తి కట్టె పీకిన చేలో కవర్ తప్పనిసరి. వరి గడ్డిలో సిలికా ఉంటుంది, ఎండిన మోడు ప్లాస్టిక్‌ని బాగానే గీరుతుంది. గడ్డిపరకలు కవర్ పెదవి కింద దూరి దాన్ని కొద్దికొద్దిగా పైకి లేపుతాయి, ఆ సందులోంచే దుమ్ము పోతుంది. మడి మారినప్పుడల్లా అంచు చుట్టూ వేలు పోనిచ్చి చూసుకోండి.

వాల్వ్_చాంబర్

మా పని వేరు, తారు కింద పూడిపోయిన మ్యాన్‌హోల్ మూతలు, నీటి వాల్వ్ చాంబర్లు వెతకడం. మాకు కవర్ ఎప్పుడూ ఉండాల్సిందే. కంకర, తారు రోడ్డు మీద కవర్ లేని కాయిల్ ఎన్నాళ్లో ఆగదు. పోత ఇనుము మూత అంత పెద్ద వస్తువుకి లోపలి ఇసుక మోత ఒక సమస్యే కాదు, సెన్సిటివిటీ సగానికి దించి తిరిగినా గట్టిగా పలుకుతుంది. కొత్తగా వేసిన వేడి తారు మీద మాత్రం కాయిల్ ఆనించకండి, కవర్ అడుగు మెత్తబడి తారు అంటుకుంటుంది. నగలు వెతికేవాళ్లు మా పద్ధతి చూసి నేర్చుకోకూడదు, అంతే.

విద్యాధరపురం_28

అర్థమైంది. ఆఖరుగా ఒకటి. ఇప్పటికే కొస దగ్గర అరిగి, లోపల నల్లటి పూతలాంటిది కనబడుతోంది. కవర్ వేసి దాచెయ్యడమేనా, ఏమైనా చెయ్యాలా?

ఆటోనగర్_ఫైబర్

దాచేస్తే కుదరదు సర్. ఆ నల్లటిది చాలా కాయిళ్లలో గ్రాఫైట్ పూత, బయటి కరెంటు గోలని అడ్డుకునే కవచం. దాన్ని గీకకండి, దానికి తడి తగలనివ్వకండి. తగిలితే గడ్డి మీది మంచుకి కూడా మోగడం మొదలుపెడుతుంది.

ముందు కాయిల్‌ని నీడలో మూడు నాలుగు రోజులు ఆరబెట్టండి. తడి లోపల పెట్టి మూసేస్తే మళ్లీ పోదు. డ్రయ్యర్ వేడి పెట్టొద్దు. తర్వాత అరిగిన చోటు చుట్టూ, నల్లపూత వదిలేసి ప్లాస్టిక్ మీద మాత్రమే, 220 నంబరు ఉప్పుకాగితంతో మసకబారేదాకా రుద్ది, సర్జికల్ స్పిరిట్‌తో తుడవండి. రెండు ట్యూబుల అరాల్డైట్, నిదానంగా గట్టిపడే రకం, సమపాళ్లలో రెండు నిమిషాలు కలిపి, అర మి.మీ. మందాన పల్చగా పుయ్యండి. అంచు దాటి ఒక సెం.మీ. పోవాలి. కాయిల్‌ని తిరగేసి, అడుగు పైకి ఉండేలా సమంగా పెట్టి ఒక రోజంతా వదిలెయ్యండి. స్టీలు పొడి కలిపిన పుట్టీలు దొరుకుతాయి, గట్టిగానే ఉంటాయి గానీ కాయిల్‌కి వాడితే మీరే లోహం అతికించినట్టు.

గట్టిపడ్డాక నల్లరేగడి గారు చెప్పిన కణుపు పరీక్ష చెయ్యండి. తర్వాత తడిగుడ్డ ఆ చోట ఆనించి మళ్లీ చూడండి. రెండిటికీ పలక్కపోతే కవర్ తొడిగి చేలోకి దిగొచ్చు.

బాపట్ల_తీరం

ఒక మాట. పోయిన నగ వెతకడం వేరు, పాతది తవ్వడం వేరు. అమరావతి స్తూపం, ఉండవల్లి గుహలు, భట్టిప్రోలు లాంటి రక్షిత స్థలాలకి 100 మీటర్ల లోపల నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, ప్రాచీన కట్టడాల చట్టానికి చేసిన 2010 సవరణ తర్వాత. ఆ దరిదాపుల్లో మెషీన్ బయటికి తీయకండి. ఎక్కడైనా సరే, నేలలో దాచిన నిధి పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకి తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. చేను వాళ్ల అనుమతి అడిగి దిగండి, తవ్విన గుంట పూడ్చి రండి.

కవర్ తీసుకెళ్లకపోయినా సూర్యలంకకి ఐదు లీటర్ల మంచినీళ్ల క్యాను మాత్రం తీసుకెళ్లండి. ఇంటికి తెచ్చేలోపే ఉప్పు ఎండిపోతుంది, కారెక్కేముందే కడిగేస్తే తేలిక.